కడుపుతో ఉన్నప్పుడు, కాన్పు సమయంలో బాచ్ పూల మందులు: ఎలా ఎంచుకోవాలి, ఎలా కలుపుకోవాలి, ఎక్కడ ఆపాలి

నెలనెలా చెకప్‌లో బీపీ చూస్తారు, బరువు చూస్తారు, రక్తపరీక్ష రాస్తారు. "మనసులో ఎలా ఉందమ్మా, దేనికైనా భయపడుతున్నావా" అని అడిగే తీరిక మాత్రం ఓపీలో ఎవరికీ ఉండదు. ఇంట్లో చెప్పుకుంటే "మేమందరం కనలేదా" అంటారు. బాచ్ పూల మందులు సాధారణంగా ఇలాంటప్పుడే చేతికొస్తాయి. హోమియో షాపులో దొరుకుతాయి, ఖరీదు తక్కువ, "సైడ్ ఎఫెక్టులు లేవు" అని ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. ఆ మాట చాలావరకు నిజమే, కానీ గర్భిణికి పూర్తిగా నిజం కాదు.

ముందు ఇవి ఏమిటో చూద్దాం. ఎడ్వర్డ్ బాచ్ (1886–1936) ఇంగ్లండులో డాక్టరు, బ్యాక్టీరియాలజిస్టు. 1930లో లండన్ ప్రాక్టీసు వదిలేసి పల్లెలు పట్టి తిరుగుతూ, ఒక్కో మనఃస్థితికి ఒక్కో మందు చొప్పున 38 తయారుచేశాడు. వీటిలో రాక్ వాటర్ అనేది పువ్వే కాదు, ఊట నీళ్ళు. మిగతావాటిలో కొన్నిటిని గాజు గిన్నెలో నీళ్ళ మీద పూలు తేలేసి మూడు గంటలు ఎండలో పెట్టి చేస్తారు, కొన్నిటిని అరగంట ఉడికించి చేస్తారు. ఆ నీళ్ళకు సమానంగా బ్రాందీ కలుపుతారు. అందులోంచి రెండు చుక్కలు తీసి 30 మి.లీ. బ్రాందీలో వేస్తే షాపులో అమ్మే స్టాక్ సీసా తయారవుతుంది. ఇంత పలచన చేశాక సీసాలో పువ్వు తాలూకు పదార్థం దాదాపు మిగలదు. అందువల్ల పువ్వు వల్ల కడుపులో బిడ్డకు ఏమవుతుందో అన్న భయం అక్కర్లేదు. ఆలోచించాల్సింది బ్రాందీ గురించి.

పనిచేస్తాయా? అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ అనే వైద్య పరిశోధకుడు 2010లో ఒకచోట చేర్చి చూశాడు. పూల మందు తీసుకున్నవాళ్ళకూ, మందు లేని చుక్కలు తీసుకున్నవాళ్ళకూ తేడా తేలలేదు. అలాంటప్పుడు ఇంత వివరం ఎందుకంటే, ఈ పద్ధతిలో మందు ఎంచుకోవాలంటే ముందు మీ మనసులో ఉన్నదేమిటో విడమర్చి చూసుకోక తప్పదు. "ఏదోలా ఉంది" అంటే కుదరదు. భయమా, దిగులా, అలసటా, ఎవరిమీదైనా కోపమా, తప్పు చేశానన్న బాధా అని తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం వల్ల మేలు ఉంది, దాని తర్వాత రోజుకు నాలుగుసార్లు ఒక నిమిషం ఆగి గుక్కెడు నీళ్ళు తాగడంలోనూ కొంత ఊరట ఉంది. చుక్కల నుంచి అంతకంటే ఎక్కువ ఆశించకండి. డాక్టరు రాసిన ఏ మందుకూ ఇవి బదులు కావు.

సీసా కొనేటప్పుడు

లేబుల్ మీద మూడు విషయాలు చదవండి.

మొదటిది ఆల్కహాల్ శాతం. ఇంగ్లండు నుంచి వచ్చే బ్రాందీ సీసాల మీద 27 శాతం అని ఉంటుంది. మన దేశంలో హోమియో కంపెనీలు చేసే వాటిలో శాతం వేరుగా, చాలాసార్లు బాగా ఎక్కువగా ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు ఇంత ఆల్కహాల్ ఫరవాలేదు అనే హద్దు ఏదీ తేలలేదు కాబట్టి, దొరికితే గ్లిజరిన్‌తో చేసినవి, ఆల్కహాల్ లేనివి కొనండి. మామూలు షాపుల్లో అవి అరుదు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి.

రెండోది పేరు. బాచ్ మందుల్లో చెస్ట్‌నట్‌లు నాలుగున్నాయి: చెస్ట్‌నట్ బడ్, రెడ్ చెస్ట్‌నట్, స్వీట్ చెస్ట్‌నట్, వైట్ చెస్ట్‌నట్. నాలుగూ నాలుగు వేర్వేరు మనఃస్థితులకు. "చెస్ట్‌నట్ ఇవ్వండి" అంటే షాపతను చేతికందింది ఇస్తాడు. పూర్తి పేరు కాగితం మీద రాసి తీసుకెళ్ళండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఆ సీసా బాచ్ మందేనా, మదర్ టింక్చరా (మొక్క సారాన్ని ఆల్కహాల్‌లోకి దింపి చేసే హోమియో మందు)? బాచ్ మందుల్లో ఒకటైన జెన్షియన్ అడిగితే జెన్షియానా ల్యూటియా మదర్ టింక్చర్ చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. అది వేరే మొక్క వేరు నుంచి తీసిన చేదు మందు. అందులో మొక్క పదార్థమూ ఉంటుంది, ఆల్కహాలూ బాగా ఉంటుంది. లేబుల్ మీద పెద్ద అక్షరంతో "క్యూ" అని ఉంటే అది మదర్ టింక్చర్, పక్కన పెట్టేయండి. "బాచ్ ఫ్లవర్" అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి.

ఎసెన్షియల్ ఆయిల్స్‌తో కూడా వీటిని కలగాపులగం చేసుకోవద్దు. లావెండర్, రోజ్ అని పూల పేర్లు ఉన్నంత మాత్రాన అవి ఇవి కావు. ఆ నూనెలు గాఢమైనవి, కడుపుతో ఉన్నవాళ్ళు చుక్క కూడా మింగకూడదు. పూల మాట వచ్చింది కాబట్టి కుంకుమపువ్వు సంగతి: పాలల్లో రెండు రేకలు వేసుకుంటే రుచి బాగుంటుంది, అంతే. బిడ్డ రంగు దానివల్ల మారదు.

హోమియో డాక్టరు తియ్యటి గోళీల మీద వేసి ఇస్తే, ఆరిన గోళీల్లో ఆల్కహాల్ చాలావరకు ఆవిరైపోతుంది కాబట్టి ఒక రకంగా అదే నయం. గర్భం వల్ల షుగర్ వచ్చిందని చెప్పినవాళ్ళు మాత్రం గోళీల సంగతి డాక్టరుకు చెప్పి వేసుకోండి.

మందు ఎంచుకోవడం

ఫోను పక్కన పెట్టి, కాగితం మీద ఈ వారం మిమ్మల్ని ఎక్కువ పీడించింది ఏమిటో రెండు మూడు వాక్యాల్లో రాయండి. ఎవరికీ చూపించాల్సిన పనిలేదు, అందంగా ఉండాల్సిన పనీ లేదు. "తొమ్మిదో నెల దగ్గరపడుతోంది, సూది అంటేనే వణుకు", "అత్తగారు ఏది చెప్పినా సరే అంటున్నాను, తర్వాత బాత్రూంలో ఏడుస్తున్నాను", ఇలా. రాసింది చదివితే భావం తెలుస్తుంది. అప్పుడు కింద ఉన్నవాటిలో దానికి దగ్గరగా ఉన్నది తీసుకోండి. బాచ్ పద్ధతిలో ఒకేసారి ఆరేడు దాకా కలపొచ్చు అంటారు, కానీ మూడు దాటిందంటే సాధారణంగా ఎంచుకోవడం సరిగ్గా జరగలేదని అర్థం.

భయాలతో మొదలుపెడదాం, గర్భిణులకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే భాగం ఇదే. బాచ్ భయాన్ని విడగొట్టిన తీరు బాగుంటుంది. దేనికి భయమో చెప్పగలిగితే మిములస్: నొప్పులు, సూది, ఆపరేషన్, ఖర్చు. ఏమీ లేదు, ఊరికే గుండెల్లో గుబులుగా ఉంది, రాత్రి లేచి కూర్చుంటున్నాను అంటే ఆస్పెన్. భయం మీ గురించి కాకుండా బిడ్డ గురించో, బండి మీద ఆఫీసుకు వెళ్ళే భర్త గురించో అయితే రెడ్ చెస్ట్‌నట్. చేతులు చల్లబడి నోట మాట రాని భయమైతే రాక్ రోజ్. నన్ను నేను పట్టుకోలేక అరిచేస్తానేమో, లేబర్ రూములో పరువు పోతుందేమో అన్న భయానికి చెర్రీ ప్లమ్. ఈ ఐదింటిలో మీది ఏదో తేలితే, దాని గురించి డాక్టరునో నర్సునో అడగాల్సిన ప్రశ్న కూడా దానంతటదే తేలుతుంది. సూది అంటే భయమని తెలిసిన అమ్మాయి ఎపిడ్యూరల్ (నొప్పులు తెలియకుండా నడుముకిచ్చే సూది) గురించి ముందే అడుగుతుంది, గుబులు అనుకుంటూ కూర్చున్న అమ్మాయి అడగదు.

ఒకే ఆలోచన బుర్రలో గిర్రున తిరుగుతూ నిద్ర పట్టకపోతే వైట్ చెస్ట్‌నట్. వాల్‌నట్ మార్పులకు: ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళడం, ఉద్యోగం నుంచి సెలవు, ఒళ్ళు మారిపోవడం. ఇతరుల మాటలు తేలిగ్గా తగిలేవాళ్ళకూ అదే చెబుతారు. శ్రీమంతానికి వచ్చిన ప్రతి ఒక్కరూ తమ కాన్పు ఎంత కష్టమైందో వర్ణించి వెళ్తారు కదా, ఆ మాటలు పట్టుకుని రాత్రంతా దొర్లేవాళ్ళకు. కాదు అని చెప్పలేనివాళ్ళకు సెంటారీ. పైకి నవ్వుతూ జోకులేస్తూ లోపల కుమిలేవాళ్ళకు అగ్రిమొని. మన ఇళ్ళల్లో ఈ రెండూ చాలామందికి నప్పుతాయి.

ఇంతకుముందు గర్భం పోయినవాళ్ళకు, కిందటి కాన్పు భయంకరంగా జరిగినవాళ్ళకు స్టార్ ఆఫ్ బెత్లహామ్. ఒళ్ళంతా అసహ్యంగా అనిపించేవాళ్ళకు క్రాబ్ ఆపిల్. నా వల్ల ఏమవుతుందిలే అనుకునేవాళ్ళకు లార్చ్. డేట్ దాటిపోయి చిరాకుపడేవాళ్ళకు ఇంపేషియెన్స్.

ఆలివ్ దగ్గర ఆగాలి. "ఒంట్లో సత్తువే లేదు" అంటే బాచ్ పుస్తకం ఆలివ్ అంటుంది. గర్భిణి ఆ మాట అంటే ముందు చూడాల్సింది హిమోగ్లోబిన్. 11 గ్రాముల కంటే తగ్గితే అది రక్తహీనత. మన దగ్గర గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కడుపులో తిప్పుతోందనో, విరేచనం నల్లగా అవుతోందనో చాలామంది దాన్ని మానేసి ఊరుకుంటారు. టీతోనూ కాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి. థైరాయిడ్ తగ్గితే కూడా అచ్చం ఇలాగే నీరసం, దిగులు. గుండె దడ, కంగారు కూడా అంతే, ఆస్పెన్ కంటే ముందు రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష. మనసు బాధ అనుకున్నది ఒంటి బాధ అయితే, చుక్కలు వేసుకుంటూ గడిపిన నెల వృథా అయినట్టే.

కలుపుకోవడం

ఒకటి రెండు రోజుల ఇబ్బందికి సీసా తయారుచేసుకోనక్కర్లేదు. గ్లాసు నీళ్ళలో ఎంచుకున్న మందు రెండు చుక్కలు (ఐదు మందులు కలిపి అమ్మే రెస్క్యూ రెమెడీ అయితే నాలుగు) వేసి, రోజంతా కొంచెం కొంచెంగా తాగితే చాలు. సాయంత్రానికి మిగిలితే పారబోయండి.

వారాల తరబడి వాడదలిస్తే సీసా కలుపుకోవాలి. హోమియో షాపులో 30 మి.లీ. గోధుమరంగు గాజు సీసా, డ్రాపర్‌తో సహా కొనండి. సీసాను, డ్రాపర్ గాజు గొట్టాన్ని నీళ్ళలో వేసి పది నిమిషాలు మరిగించండి. రబ్బరు బుడ్డి మరిగిస్తే పాడవుతుంది, దాన్ని విడదీసి సబ్బుతో కడిగి వేడినీళ్ళతో తొలిస్తే చాలు. అన్నీ గుడ్డతో తుడవకుండా వాటంతటవే ఆరనివ్వండి.

కాచి చల్లార్చిన నీళ్ళు సీసాలో మెడ దాకా పోసి, ఎంచుకున్న ఒక్కో మందు రెండేసి చుక్కలు వేయండి. మూత పెట్టి నెమ్మదిగా నాలుగైదుసార్లు తలకిందులు చేయండి. పేరు, తేదీ రాసి అంటించండి. దీంట్లోంచి నాలుగు చుక్కలు, రోజుకు నాలుగుసార్లు: లేవగానే, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునేముందు. డోసు మరిచిపోతే మరిచిపోయినట్టే, తర్వాత రెట్టింపు వేసుకోవాల్సిన పనిలేదు.

పాత పద్ధతిలో సీసా పాడవకుండా ఉండటానికి ఒక చెంచా బ్రాందీ కలపమంటారు. గర్భిణులు ఇది చేయకూడదు. లెక్క చూడండి: 27 శాతం ఉన్న మూడు మందులు రెండేసి చుక్కలు వేస్తే సీసా మొత్తంలో ఉండే ఆల్కహాల్ సుమారు 0.08 మి.లీ. రోజుకు 16 చుక్కల్లో ఒంట్లోకి వెళ్ళేది అందులో మరీ స్వల్పం, దాదాపు 0.002 మి.లీ. 40 శాతం బ్రాందీ ఒక చెంచా, అంటే 5 మి.లీ., కలిపితే సీసాలోకి ఒక్కసారే 2 మి.లీ. ఆల్కహాల్ చేరుతుంది. అంటే మందులన్నిటిలో ఉన్నదానికి పాతిక రెట్లు. ఆ ఒక్క చెంచా మానేస్తే సమస్య చాలావరకు తీరిపోతుంది. బదులుగా తినడానికి పనికొచ్చే వెజిటబుల్ గ్లిజరిన్ ఒక చెంచా కలపండి, లేదా ఏమీ కలపకుండా ఫ్రిజ్‌లో పెట్టి వారం రోజులకే కొత్తది కలుపుకోండి. వేడి నీళ్ళలో వేస్తే ఆల్కహాల్ ఎగిరిపోతుందని కొందరు అలా తాగుతారు, కొంత పోతుంది గానీ పూర్తిగా పోదు. స్టాక్ సీసాలోంచి నేరుగా నాలుక మీద వేసుకునే అలవాటు కూడా కడుపుతో ఉన్నన్నాళ్ళూ వద్దు. లెక్క ఎంత చిన్నదైనా ఆల్కహాల్ అసలే వద్దనుకునేవాళ్ళు, మతపరంగా పట్టింపు ఉన్నవాళ్ళు గ్లిజరిన్ రకమే తీసుకోవాలి. లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్ళు బ్రాందీ రకం ముట్టుకోకూడదు. సిజేరియన్ తర్వాత మెట్రోనిడజోల్ రాయడం మామూలే కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి.

సీసాలో నీళ్ళు మబ్బుగా మారినా, పోగుల్లాంటివి తేలినా, పుల్లటి వాసన వచ్చినా పారబోయండి. కారణం తొంభై పాళ్ళు డ్రాపర్ నాలుకకు తగలడమే. తగిలిన డ్రాపర్ మళ్ళీ సీసాలో పెడితే ఉమ్మిలోని సూక్ష్మజీవులు నీళ్ళలో పెరుగుతాయి, మన మే నెల ఎండలకు రెండు రోజులు చాలు. నోటికి రెండంగుళాలు పైనుంచి వదలండి, లేదా చెంచాలో నీళ్ళు పోసి అందులో వేసుకోండి. అది మరీ నయం.

వేవిళ్ళ నెలలు

మొదటి మూడు నెలల్లో ఏ వాసనా పడదు. బ్రాందీ వాసనకే వాంతి వచ్చేవాళ్ళు గ్లిజరిన్ రకానికి మారండి, లేదా ఈ నెలల్లో అసలు మొదలుపెట్టకండి, పోయేదేమీ లేదు. ఊగిసలాట మనఃస్థితికి చెప్పే స్క్లెరాంథస్‌ను కొందరు వికారానికీ వాడతారు. మామూలు వేవిళ్ళకు ప్రయత్నించి చూడొచ్చు. గుక్క నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం ముదురుగా కొంచెం కొంచెంగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా సెలైన్ పెట్టాల్సిన పరిస్థితి, చుక్కలతో ఇంట్లో కూర్చోవద్దు.

ఇంకో ప్రమాదం ఇక్కడే జరుగుతుంది. డిప్రెషన్‌కో, ఫిట్స్‌కో మందులు వాడుతున్న అమ్మాయికి గర్భం నిలవగానే ఇంట్లోవాళ్ళు భయపడి అవన్నీ ఆపించి "సహజమైనవి" మొదలుపెడతారు. ఒక్కసారిగా ఆపిన మందు తల్లికీ బిడ్డకూ మందు కంటే ఎక్కువ చేటు చేయొచ్చు. మార్చాలన్నా తగ్గించాలన్నా ఆ మందు రాసిన డాక్టరే చేయాలి.

ఆఖరి నెలలు

రెడ్ చెస్ట్‌నట్ రాసుకున్న భయాల్లో ఒకటి చాలా తరచు వస్తుంది: "బిడ్డ కదలడం లేదేమో". ఈ ఒక్క భయాన్ని పూల మందుతో సర్దకండి. 28 వారాల తర్వాత కదలికలు తగ్గాయనిపిస్తే ఎడమపక్కకు తిరిగి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే, లేదా వచ్చినా రోజూలా లేవనిపిస్తే, రాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్ళండి. అలాగే విడవని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, ముఖం చేతులు ఉబ్బడం బీపీ గుర్తులు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా 108కి ఫోన్ చేయడమే.

మిగతా భయాల కోసం ఈ నెలల్లో సీసాను పది రోజులకోసారి మళ్ళీ చూసుకోవాలి. కాగితం మళ్ళీ రాయండి. ఏడో నెలలో మిములస్ రాసిన అమ్మాయి తొమ్మిదో నెలకు ఇంపేషియెన్స్ రాయొచ్చు. పాత కలయికే తాగుతూ పోవడం ఈ పద్ధతిలో ఎక్కువమంది చేసే పొరపాటు. రాయడం మానేశాక చుక్కలు వేసుకోవడం వట్టి అలవాటే.

నొప్పులు మొదలయ్యాక

కాన్పు సంచీలో పెట్టుకోవాల్సింది ఒక్కటే: రెస్క్యూ రెమెడీ. ఐదు మందుల కలయిక అది. రాక్ రోజ్, ఇంపేషియెన్స్, క్లెమాటిస్, స్టార్ ఆఫ్ బెత్లహామ్, చెర్రీ ప్లమ్. ఇంట్లో ఉన్నంతసేపు లీటరు నీళ్ళ సీసాలో నాలుగు చుక్కలు వేసి, నొప్పి నొప్పికీ మధ్య ఒక్కో గుక్క తాగండి. గుక్క తాగాక నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలండి. గాలి వదలడం పీల్చడం కంటే నిదానంగా ఉండాలి, సాంత్వన అంతా అక్కడే ఉంది. నొప్పులు ఐదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు వస్తే బయలుదేరండి. రెండో కాన్పు అయినా, ఆసుపత్రి దూరమైనా అంతదాకా ఆగకండి.

ఆసుపత్రిలో చేరగానే సీసా నర్సుకు చూపించి "ఇది తాగొచ్చా" అని అడగండి. దాచుకుని తాగొద్దు. సిజేరియన్ అవసరం పడొచ్చని అనుకుంటే నోటికి ఏమీ ఇవ్వవద్దంటారు. మత్తు ఇచ్చినప్పుడు కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం వల్ల ఆ నియమం, చుక్కలకు కూడా వర్తిస్తుంది. అప్పుడు శుభ్రమైన గుడ్డ తడిపి పెదాలు తుడవొచ్చు, మణికట్టు మీద రాయొచ్చు. సెలైన్ సూది ఉన్న చేతికి మాత్రం రాయకండి, ప్లాస్టర్ ఊడిపోతుంది. ఆపరేషన్ థియేటర్‌లోకి సీసా తీసుకెళ్ళకండి.

ఈ పనులన్నీ నొప్పులు పడే మనిషి చేసుకోలేదు, తోడు ఉన్నవాళ్ళు చేయాలి. సర్కారు ఆసుపత్రుల్లో 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమం కాన్పు గదిలో ఒక తోడు మనిషిని ఉండనివ్వమంటుంది. ఎవరు లోపలికి రావచ్చో తొమ్మిదో నెల చెకప్‌లోనే అడిగి పెట్టుకోండి. తోడు వచ్చే అమ్మ గాని, అక్క గాని కంగారు మనిషి అయితే, ఆ రెస్క్యూ నీళ్ళు ముందు ఆవిడ తాగడం మంచిది.

పురుడయ్యాక

మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య, పాలు పడే వేళకు, కారణం లేకుండా ఏడుపు వస్తుంది. చాలామంది తల్లులకు వస్తుంది, రెండు వారాల్లోపు పోతుంది. ఈ రోజుల్లో వాల్‌నట్, ఆలివ్ చెబుతారు. నార్మల్ కాలేదని, పాలు చాలడం లేదని తనను తాను నిందించుకునే తల్లికి పైన్. బాధ్యత మీద పడ్డట్టు ఊపిరాడకపోతే ఎల్మ్. వీటితోపాటు ఎవరో ఒకరు బిడ్డను ఎత్తుకుని ఆమెను వరసగా నాలుగు గంటలు పడుకోనివ్వాలి. బాలింతకు నిద్ర చేసే మేలు ఈ సీసాల్లో ఏదీ చేయదు.

బిడ్డ నోట్లో ఏ చుక్కా వేయకండి. పాలల్లో కలిపి ఇవ్వకండి, మీ రొమ్ముకు రాయకండి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు. తేనె, ఆముదం నాకించే అలవాటు మాన్పించడానికే అవస్థ పడుతుంటే, దానికి బ్రాందీ చుక్క తోడు చేయడం ఎందుకు?

ఏడుపు, దిగులు రెండు వారాలు దాటినా, బిడ్డను చూస్తే ఏమీ అనిపించకపోయినా, తిండి నిద్ర పూర్తిగా పోయినా అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అయి ఉండొచ్చు. 1987 నుంచి వాడుకలో ఉన్న ఎడిన్‌బరో ప్రశ్నాపత్రంలో పది ప్రశ్నలుంటాయి, ఐదు నిమిషాల పని. జవాబులకు వేసే మార్కులు మొత్తం కలిపి 13 గాని అంతకు మించి గాని వస్తే డాక్టరును కలవాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని అడుగుతుంది. దానికి "ఎప్పుడో ఒకసారి" అని జవాబు వచ్చినా మొత్తం మార్కులతో పనిలేదు, అదే రోజు వెళ్ళాలి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

బాలింత రెండు మూడు రాత్రులు నిద్రే పోకుండా హుషారుగా తిరుగుతున్నా, సంబంధం లేకుండా మాట్లాడుతున్నా, బిడ్డను ఎవరో మార్చేశారంటున్నా, ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయంటున్నా అది ఎమర్జెన్సీ. గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరిగిన ఇళ్ళల్లోనూ, చుక్కలు మార్చి మార్చి చూసిన ఇళ్ళల్లోనూ జరిగే నష్టం ఒకటే, ఆలస్యం. ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలకుండా వెంటనే మానసిక వైద్యులున్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చికిత్స అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

ఆపడానికి పద్ధతంటూ ఏమీ లేదు. ఏ బాధ కోసం మొదలుపెట్టారో అది పోయిందనిపించిన రోజు సీసా కడిగేయొచ్చు, మెల్లగా తగ్గించాల్సిన పనిలేదు. మూడు వారాలైనా కాగితం మీద అదే వాక్యం రాస్తున్నారంటే మాత్రం మందు మార్చడం కాదు, ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఓపీలో మాట రాకపోతే చదివి వినిపించండి. స్టాక్ సీసా చీకటి అలమరలో లేబుల్ మీద ఉన్న తేదీ దాకా నిలుస్తుంది. పెద్ద పిల్లవాడి చేతికి అందకుండా పెట్టండి.